టిఫిన్ బండి మీద తిన్నవాళ్ళ కడుపు చెడకుండా చూసుకోవడం ఎలా

"కొత్తగా టిఫిన్ బండి పెడుతున్నాం, జనాలకి ఏమీ కాకుండా ఏం చెయ్యాలి", "మా అమ్మావాళ్ళ బండి మీద తిని ఒకాయనకి విరేచనాలు పట్టుకున్నాయంట, తప్పు ఎక్కడ జరిగుంటుంది", "గ్లవ్స్ వేసుకుంటే సరిపోతుందా"... ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా. ఇది పెద్ద హోటళ్ళకి కాదు. రోడ్డు పక్కన ఒక బండి, ఒక సిలిండరు, ఇద్దరు మనుషులు, పొద్దున్న ఆరింటి నుంచి పదకొండు దాకా ఇడ్లీ దోశ వడ పూరీ, కొంతమందికి సాయంత్రం నూడుల్స్ ఫ్రైడ్ రైస్, అలా నడుపుకునేవాళ్ళకి, నడపబోయేవాళ్ళకి.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆవిరి మీద ఉడికి పొగలు కక్కుతూ ప్లేట్లో పడిన ఇడ్లీతో జబ్బు చెయ్యడం చాలా అరుదు, పెనం మీంచి దిగిన దోశ కూడా అంతే. జబ్బు వచ్చేది పొయ్యి దిగాక దానికి తగిలేవాటితో. అంటే చట్నీ, ఆ చట్నీలో కలిపిన నీళ్ళు, పెట్టిన చెయ్యి, కడిగిన ప్లేటు, తుడిచిన గుడ్డ. డబ్బులు ఖర్చుపెట్టినా టైమ్ ఖర్చుపెట్టినా ముందు ఇక్కడ పెట్టండి, బండికి స్టిక్కరింగులు, లైట్లు తర్వాత చూసుకోవచ్చు.

మీ దగ్గరికి వచ్చేది పెద్దవాళ్ళు మాత్రమే కాదు కదా, చంటిపిల్లకి అర ఇడ్లీ చిదిమి పెట్టే తల్లులు వస్తారు, డాక్టరు తేలికైనవి తినమన్నాడని ఇడ్లీ పార్సిల్ కట్టించుకునే పేషెంట్ల బంధువులు వస్తారు. తిండి వల్ల వచ్చే జబ్బులతో ప్రపంచం మొత్తం మీద ఏటా 4.2 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది, అందులో 1.25 లక్షల మంది ఐదేళ్ళ లోపు పిల్లలే.

కావాల్సినవి

- ట్యాప్ ఉన్న డ్రమ్ములు రెండు, ఒకటి తాగడానికీ వంటకీ, ఒకటి చేతులకీ ప్లేట్లకీ
- చేతులకి సబ్బు లేదా లిక్విడ్, ప్లేట్లకి వేరే
- ప్లేట్లు కడగడానికి మూడు టబ్బులు
- మూతలున్న చిన్న స్టీలు గిన్నెలు, పొడుగు కాడ గరిటెలు (ఒక్కో చట్నీకి ఒకటి)
- ఐస్ బాక్సు, ఐస్ ప్యాకులు
- ఆహారంలో గుచ్చి చూసే థర్మామీటరు, ఆన్‌లైన్లో కొన్ని వందల్లోనే దొరుకుతుంది
- క్లోరిన్ బిళ్ళలు
- మూడు రంగుల గుడ్డలు
- మూతున్న చెత్త డబ్బా, కాలితో నొక్కితే తెరుచుకునేది అయితే ఇంకా మంచిది
- నాన్‌వెజ్ చేస్తే రెండు కత్తులు, రెండు చాపింగ్ బోర్డులు

ఫ్రిజ్ లేకపోయినా నడుస్తుంది కానీ ఐస్ బాక్సు మాత్రం ఉండాల్సిందే.

1. నీళ్ళ సంగతి తేల్చుకోండి

"మేం మినరల్ వాటర్ క్యానే వాడతాం" అని చాలామంది ధీమాగా చెప్తారు. ఆ 20 లీటర్ల క్యాన్లో వచ్చేవి ఎక్కువగా ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళు, వాటిల్లో క్లోరిన్ ఉండదు, అంటే మీ చెయ్యో చెంబో ఒక్కసారి మునిగితే తర్వాత ఆ క్రిముల్ని ఆపేది అందులో ఏమీ లేదు. ఆ నీళ్ళని బకెట్లో పోసి చెంబు ముంచి వాడితే క్యాన్ కొన్న లాభం అక్కడితో పోయినట్టే. అందుకే ట్యాప్ డ్రమ్ము అన్నాను, చెయ్యి లోపలికి వెళ్ళే అవకాశమే ఉండకూడదు.

మున్సిపల్ నీళ్ళో బోరు నీళ్ళో అయితే రెండు దారులు:

- నీళ్ళు బాగా మసిలి తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించి, మూతపెట్టి చల్లారనివ్వండి. చట్నీకి, తాగడానికి ఇది బెస్టు.
- లేదా క్లోరిన్ బిళ్ళ. ఎన్ని లీటర్లకి ఎన్ని అనేది ప్యాకెట్టు మీద ఉంటుంది, ఒక్కో సైజు బిళ్ళకి ఒక్కో లెక్క కాబట్టి పక్క బండివాళ్ళు చెప్పిన లెక్క వాడొద్దు. వేసి అరగంట ఆగాకే వాడాలి. నీళ్ళు మురికిగా ఉంటే ముందు వడకట్టండి, మడ్డి నీళ్ళలో క్లోరిన్ సరిగ్గా పనిచెయ్యదు.

డ్రమ్ముని వారానికోసారైనా లోపల బ్రష్షుతో రుద్ది కడగాలి, ముఖ్యంగా ట్యాపు లోపలి భాగం, వేలు పెట్టి చూడండి, జిగురుగా తగిలితే అది పాచి.

చెరుకు రసం, లెమన్ సోడా కూడా పెడితే ఐస్ విషయం చూసుకోండి. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని 2018లోనే రూలు వచ్చింది. కానీ తెల్లగా ఉన్నంత మాత్రాన తినే ఐస్ అని నమ్మడానికి లేదు, గోనెసంచిలో చుట్టి రోడ్డు మీద ఈడ్చుకొచ్చే దిమ్మ గ్లాసులో వెయ్యడానికి కాదు. గ్లాసు బయట నుంచి చల్లబరచడానికి వాడుకోండి, లోపల వెయ్యాలంటే సీలు ప్యాకెట్ క్యూబులు కొనండి.

2. చేతులు, డబ్బులు

ఇద్దరు ఉంటే ఒకళ్ళు డబ్బులు, ఒకళ్ళు తిండి. పనులు పంచుకోవడం ఇలా ఒక్కటి కుదిరితే సగం సమస్య పోతుంది. ఒక్కరే ఉంటే క్యూఆర్ కోడ్ కస్టమర్ వైపు పెట్టండి, చిల్లర కోసం ఒక డబ్బా పెట్టి "మీరే వేసి మీరే తీసుకోండి" అనండి, మన జనం నమ్మకంగానే వేస్తారు, రెగ్యులర్‌గా వచ్చేవాళ్ళయితే మరీను.

సబ్బుతో 20 సెకన్లు కడగాల్సిన సందర్భాలు: పని మొదలెట్టేముందు, బాత్రూంకి వెళ్ళొచ్చాక, పచ్చి గుడ్డో చికెనో ముట్టుకున్నాక, డబ్బులు ముట్టుకున్నాక, ముక్కు తుడుచుకున్నాక, చెత్త తీశాక. ఉత్త నీళ్ళలో వేళ్ళు ముంచి పంచెకో కొంగుకో తుడుచుకుంటే కడిగినట్టు కాదు.

గ్లవ్స్ గురించి అందరూ అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెప్తా, రోజంతా ఒకే గ్లవ్స్ వేసుకుని అవే చేతులతో నోట్లు తీసుకుని, సిలిండర్ తిప్పి, మళ్ళీ వడ తీసి పెట్టేవాళ్ళ కంటే గ్లవ్స్ లేకుండా గంటగంటకీ సబ్బుతో కడుక్కునేవాళ్ళ దగ్గర తినడం మేలు. చేతి మీద మురికి మనకి తెలుస్తుంది, గ్లవ్ మీద తెలియదు. వడ్డించడానికి పట్టకారు, గరిటె వాడండి. వేలికి గాయం ఉంటే మాత్రం ప్లాస్టర్ వేసి దాని మీద గ్లవ్ తప్పనిసరి, చీము పట్టిన గాయాల్లో ఉండే క్రిమి తిండిలో వదిలే విషం తర్వాత వేడి చేసినా పోదు.

3. చట్నీ (ఇది రెండుసార్లు చదవండి)

ఎనిమిదిన్నరకి ఏ బండి దగ్గరైనా నిలబడి చూడండి. జనం మూగి ఉంటారు, చట్నీ గిన్నె అడుగంటుతుంది, ఉన్న చట్నీ గట్టిపడింది. వడ్డించే ఆమె పక్కనున్న డ్రమ్ములోంచి ఒక చెంబు నీళ్ళు ముంచి గిన్నెలో పోసి, గరిటెతో తిప్పి, గుప్పెడు ఉప్పు వేసి మళ్ళీ వడ్డించడం మొదలుపెడుతుంది. ఆ డ్రమ్ములోనే అందాకా ప్లేట్లు కడిగే కుర్రాడి చెంబు కూడా మునిగింది. ఉడికించినవన్నీ సుబ్బరంగానే ఉన్నాయి, ఆ ఒక్క చెంబుతో ఆ తర్వాత తిన్న వాళ్ళందరి ప్లేట్లోకీ పచ్చి నీళ్ళు వెళ్ళాయి.

కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ రెండూ తడిగా ఉంటాయి, పులుపు తక్కువ, పొయ్యి మీద ఉండవు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్యలో క్రిములు పెరుగుతాయి, మన ఎండాకాలంలో బండి మీద చట్నీ గిన్నె ఉండేది సరిగ్గా ఆ మధ్యలోనే. కాబట్టి ఇలా చెయ్యండి:

అ) చట్నీ నీళ్ళు వేరుగా పెట్టుకోండి. రాత్రి మరిగించి చల్లార్చిన నీళ్ళు రెండు మూడు సీసాల్లో పోసి "చట్నీ" అని మార్కర్‌తో రాసి బండి మీద ఉంచండి. రుబ్బడానికీ అవే, పల్చన చెయ్యడానికీ అవే. ఇంకే నీళ్ళూ చట్నీ గిన్నెలోకి వెళ్ళకూడదు, ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పిపెట్టండి, ముఖ్యంగా రద్దీ టైమ్‌లో సాయం చేసే బంధువులకి.

ఆ) కొబ్బరికాయ ఆ రోజే కొట్టాలి, కొట్టగానే వాసన చూడాలి. నిన్న మిగిలిన తురుము ఫ్రిజ్జులో లేకుండా బయటే ఉంటే పడెయ్యండి.

ఇ) మిక్సీ జార్ బ్లేడు కింద రబ్బరు వాషర్ ఉంటుంది చూడండి, దాన్ని విప్పి ఎప్పుడైనా చూశారా? నల్లగా, పుల్లటి వాసనతో నిన్నమొన్నటి చట్నీ అక్కడ ఉంటుంది. రోజూ విప్పి సబ్బుతో కడిగి వేడినీళ్ళు పోసి ఆరబెట్టండి.

ఈ) మొత్తం ఒకేసారి బయట పెట్టొద్దు. గట్టి ముద్దగా రుబ్బి మూత డబ్బాల్లో పెట్టి ఐస్ బాక్సులో ఉంచండి, గంటన్నర రెండు గంటలకి సరిపడా మాత్రం చిన్న గిన్నెలోకి తీసి పల్చన చేసుకోండి.

ఉ) పాత గిన్నెలో కొత్త చట్నీ పొయ్యడం చాలా మంది చేసే తప్పు, అలా చేస్తే పొద్దున ఆరింటి చట్నీ పదకొండింటి దాకా అడుగున ఉంటూనే ఉంటుంది. గిన్నె మార్చండి. గిన్నెకి టేపు ముక్క అంటించి తీసిన టైమ్ రాయండి, రెండు గంటలు దాటితే మిగిలింది పడెయ్యండి. చిన్న గిన్నె అయితే పడేసేది కూడా కొంచెమే, గుండె తరుక్కుపోదు.

ఊ) "పోపు పెట్టాం కదా, వేడికి అన్నీ చస్తాయి" అంటారు. చావవు. రెండు గరిటెల వేడి నూనె పైపొరకి తగిలి చల్లారిపోతుంది, కింద ఉన్న చట్నీకి వెచ్చదనం కూడా తెలియదు.

ఋ) "రుచి చూశాను, బాగానే ఉంది" అనేది కూడా నమ్మకండి. పులిసిపోయేలా చేసే క్రిములు వేరు, జబ్బు చేసేవి వేరు, జబ్బు చేసేవి ఉన్నా రుచి వాసన మామూలుగానే ఉండొచ్చు.

ఇదంతా కుదరని వాళ్ళకి మంచి ఆల్టర్నేటివ్ ఉంది, ఏప్రిల్, మే నెలల్లో నేను అందరికీ ఇదే చెప్తాను. కొబ్బరి చట్నీ తగ్గించి, చింతపండు బెల్లం వేసి ఉడికించే అల్లం చట్నీ, శనగపిండితో చేసే బొంబాయి చట్నీ, కారప్పొడి నెయ్యి ముందుకు తీసుకురండి. అల్లం చట్నీలో పులుపు ఎక్కువ కాబట్టి తట్టుకుంటుంది, బొంబాయి చట్నీ సన్న మంట మీద వేడిగా ఉంచుకోవచ్చు, కారప్పొడిలో తడే లేదు, పొడి గరిటె వాడితే చాలు. జనం అలవాటు పడరేమో అని భయపడకండి, మంచి అల్లం చట్నీ ఉంటే పెసరట్టు కోసమే జనం వస్తారు.

ఉప్మా పెసరట్టు మీద చల్లే పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర కూడా పొయ్యి ఎక్కవు. కొత్తిమీరని విడదీసి మంచి నీళ్ళలో రెండు మూడుసార్లు జాడించి ఆ తర్వాతే తరగండి, ఉల్లిపాయలు కొంచెం కొంచెంగా తరుక్కోండి.

4. వేడివి వేడిగా ఉంచండి

సాంబారు, పూరీ కూర, ఉప్మా 60 డిగ్రీల పైన ఉండాలి. సన్న మంట మీదో వేడినీళ్ళ గిన్నెలోనో పెట్టండి. థర్మామీటరు మధ్యలో గుచ్చి చూడాలి, అంచున కాదు.

నిన్నటి సాంబారు ఇవాళ్టి సాంబారులో కలపొద్దు. పూరీ కూరకి బంగాళదుంపలు రాత్రే ఉడకబెట్టి తొక్క తీసి పొద్దున దాకా బయట ఉంచేస్తారు చాలామంది, అది మానెయ్యండి, పొద్దున ఉడకబెట్టండి లేదా రాత్రి ఫ్రిజ్జులో పెట్టండి. ఇడ్లీ దోశ పిండి గురించి మాత్రం పెద్దగా భయం లేదు, పులిసిన పిండి కాబట్టి దాని పులుపే దాన్ని కొంత కాపాడుతుంది, పైగా బాగా ఉడుకుతుంది. పిండి చెయ్యి కడక్కుండా వేగిన వడ తియ్యడం ఒక్కటే మానుకోండి.

ఇడ్లీ రేకుల మీద గుడ్డ వేస్తే రోజూ ఉతికి వేడినీళ్ళలో మరిగించి ఎండలో ఆరేయండి. గుడ్డ బదులు ప్లాస్టిక్ షీటు వేసేవాళ్ళు ఉన్నారు, దయచేసి వద్దు, కర్ణాటకలో 2025లో ఇదే విషయం మీద తనిఖీలు చేసి దాన్ని ఆపించారు. నూనె రాసిన రేకు చాలు, లేదా అరటాకు ముక్క.

5. ప్లేట్లు, గుడ్డలు

ఒకే బకెట్లో ముంచి తీసే పద్ధతి వద్దు. పదో ప్లేటు దగ్గరికొచ్చేసరికి ఆ బకెట్లో ఉండేది ఎంగిలి నీళ్ళే.

- ముందు మిగిలింది చెత్త డబ్బాలోకి గీకెయ్యండి
- మొదటి టబ్బు: సబ్బు నీళ్ళు, స్క్రబ్బరు
- రెండో టబ్బు: మంచి నీళ్ళతో జాడించడం, నురగ కనిపిస్తే నీళ్ళు మార్చాలి
- మూడో టబ్బు: బాగా వేడి నీళ్ళు. అది కుదరకపోతే 5 లీటర్ల నీళ్ళలో రెండు టీస్పూన్ల వాసన లేని లిక్విడ్ బ్లీచ్ (5 శాతం రకం), ప్లేటు ఒకటి రెండు నిమిషాలు మునిగి ఉండాలి. బ్లీచ్‌ని సబ్బుతో గానీ యాసిడ్‌తో గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.
- తర్వాత ఏటవాలుగా నిలబెట్టి ఆరనివ్వండి. గుడ్డతో తుడవొద్దు.

ఆ గుడ్డ గురించి. బండి మీద ఒకే తడిగుడ్డ ఉంటుంది, పెనం చుట్టూ తుడుస్తుంది, చెయ్యి తుడుస్తుంది, ప్లేటూ తుడుస్తుంది, భుజం మీదకీ ఎక్కుతుంది. అన్నిటికంటే మురికిది అదే. మూడు రంగులు పెట్టుకోండి, ఎర్రది బండికి, తెల్లది చేతులకి, పచ్చది వేడి గిన్నెలు పట్టుకోడానికి. రోజూ ఉతికి ఎండలో వెయ్యండి.

నీళ్ళు తక్కువ ఉండే చోట స్టీలు ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి ఇస్తారు. కడిగే బాధ తప్పుతుంది కానీ పెనం మీది దోశ వేడి ఆ కవరుకి తగులుతుంది, ఆ చెత్త అంతా పక్క కాలవలోకి పోతుంది. అరటాకు ముక్కలు కానీ విస్తరాకులు కానీ వాడండి, అరటాకుని కూడా కడిగే వెయ్యాలి.

6. నూనె

వాడిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జూలై 1 నుంచి రూలు ఉంది. కొలిచే మీటరు ఖరీదు, మనకి కుదరదు, కళ్ళతో చూడండి: నురగ వచ్చి తగ్గకపోవడం, మామూలు మంటకే పొగ రావడం, రంగు నల్లబడటం, వేళ్ళ మధ్య జిగురుగా ఉండటం, వీటిల్లో ఏ ఒక్కటి కనిపించినా మార్చెయ్యండి. రోజూ చల్లారాక వడకట్టండి, అడుగున మాడిన పిండి ముక్కలే నూనెని తొందరగా చెడగొడతాయి. పాత నూనెలో కొత్తది టాప్ చేస్తూ వారాలు లాగడం అందరూ చేసేదే, అలా చేస్తే కొత్తది కూడా పాతదవుతుంది అంతే. వాడేసిన నూనెని బయోడీజిల్ కోసం తీసుకునే రిజిస్టర్డ్ ఏజెన్సీలు ఉన్నాయి, వాళ్ళకి ఇవ్వండి. తక్కువ రేటుకి కొంటాం అని వచ్చే ఊరూపేరూ తెలియని వాళ్ళకి ఇవ్వొద్దు, అది మళ్ళీ ఎవరి మూకుట్లోకో వెళ్తుంది.

7. సాయంత్రం బండి: అన్నం, గుడ్లు, చికెన్

ఫ్రైడ్ రైస్‌కి మధ్యాహ్నం వండి బుట్టలో పోసి రాత్రి పది దాకా బయట ఉంచిన అన్నం నిజంగా ప్రమాదం. బాసిల్లస్ సెరియస్ అని ఒక క్రిమి ఉంది, దాని విత్తనాలు అన్నం ఉడికినా చావవు, అన్నం వెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మీరు ఎంత పెద్ద మంట మీద ఎగరేసి వేయించినా పోదు. అందుకని రెండు విడతలుగా వండుకోండి, లేదా వండగానే వెడల్పు ట్రేలో పల్చగా పరిచి గంటలో చల్లార్చి ఐస్ బాక్సులో పెట్టి, ఎంత కావాలో అంతే తియ్యండి. మిగిలింది ఆ రాత్రికే పడెయ్యాలి.

చికెన్ ఐస్ మీద ఉండాలి, దాని కత్తి బోర్డు వేరు, మసాలా పట్టించిన గిన్నెలో వేగిన ముక్కలు వెయ్యకూడదు. పచ్చి చికెన్‌ని బండి దగ్గర కడగొద్దు, ఆ నీళ్ళు తుంపర్లుగా పడి ఉల్లిపాయల మీద, ప్లేట్ల మీద చేరతాయి. వేగిందో లేదో చూడాలంటే లావు ముక్క మధ్యలో థర్మామీటరు 75 చూపించాలి, అది లేకపోతే ముక్క కోసి చూడండి, లోపల గులాబీ రంగు ఉండకూడదు.

గుడ్లు పగిలినవి తీసుకోవద్దు, ముందే కొట్టి గిన్నెలో కలిపి పెట్టుకోవద్దు. పచ్చి గుడ్డుతో మయోనైజ్ చెయ్యనే వద్దు. హైదరాబాద్‌లో మోమోస్ తిన్నవాళ్ళు ఆస్పత్రుల పాలై ఒకామె చనిపోయాక తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డు మయోనైజ్‌ని నిషేధించింది, కేరళ 2023 జనవరిలోనే ఆపింది. గుడ్డు లేని సీలు ప్యాకెట్టు కొని, తెరిచాక ఐస్ మీద పెట్టండి.

ఎర్ర రంగు పొడి వద్దు. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని కర్ణాటక 2024 మార్చిలో నిషేధించింది కూడా. కాశ్మీరీ మిర్చి రంగు చాలు, కొంచెం తగ్గినా పర్లేదు, "మేం రంగు వెయ్యం" అని బోర్డు పెట్టండి, పిల్లల తల్లిదండ్రులు మీ దగ్గరికే వస్తారు.

8. పార్సిల్

న్యూస్‌పేపర్లో వడలు, బజ్జీలు చుట్టకండి, ఇంకు నూనెకి కరిగి తిండికి అంటుతుంది, దీన్ని వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చాలాసార్లు చెప్పింది. పొగలొచ్చే సాంబారు పల్చటి కవర్లో పొయ్యకండి. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకున్నవాళ్ళకి రెండు రూపాయలు తగ్గించండి, కవర్ల ఖర్చు మీకు ఎలాగూ మిగులుతుంది. స్టేపుల్ పిన్నులు అసలు వాడొద్దు, దారం లేదా రబ్బరు బ్యాండు. ఇంకొకటి, కవరు తెరవడానికి నోటితో ఊదడం, వేలికి ఉమ్మి తడి చేసుకోవడం, ఇవి అలవాటుగా చేసేస్తాం, పక్కన చిన్న తడి స్పాంజి పెట్టుకోండి. ఇచ్చేటప్పుడు "చట్నీ రెండు గంటల్లో తినెయ్యండమ్మా" అని ఒక్క మాట చెప్పండి.

9. ఒంట్లో బాగోకపోతే

విరేచనాలు, వాంతులు, జ్వరం, కామెర్లు ఉంటే బండి దగ్గరికి రావొద్దు. విరేచనాలు తగ్గాక కూడా రెండు రోజులు ఆగాలి. రోజు ఆదాయం పోతే ఆ ఇల్లు ఎంత ఇబ్బంది పడుతుందో తెలిసే చెప్తున్నా, అందుకే ముందుగానే పక్క బండివాళ్ళతోనో చుట్టాల్లో ఎవరితోనో మాట్లాడి పెట్టుకోండి, మీకు బాగోనప్పుడు వాళ్ళు, వాళ్ళకి బాగోనప్పుడు మీరు. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళు డాక్టరుని అడిగి టెస్టు చేయించుకుని మళ్ళీ మొదలుపెట్టండి, తగ్గిపోయాక కూడా కొంతమంది ఒంట్లో ఆ క్రిమి ఉండిపోతుంది. ఏడాదికోసారి మెడికల్ చెకప్ రూల్స్‌లోనే ఉంది.

10. రిజిస్ట్రేషన్

చిన్న బండికి కూడా 2006 ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఫోస్కోస్ అనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పోర్టల్లో ఫోటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డుతో మీసేవలోనో ఇంట్లో పిల్లల ఫోన్లోనో చేసుకోవచ్చు, 14 అంకెల నంబరు వస్తుంది, బండి మీద కనిపించేలా పెట్టండి. ఏజెంట్లు వేలల్లో అడుగుతారు, అంత అవసరమే లేదు, పోర్టల్లో చూపించే ఫీజు చూసుకుని అంతే కట్టండి. దీంతోపాటు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మున్సిపాలిటీ ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి, బండి పీకేస్తామని ఎవరైనా వస్తే చూపించడానికి అదే ఆధారం. డ్రమ్ములకీ ఐస్ బాక్సుకీ పెట్టుబడి లేకపోతే వీధి వ్యాపారులకి ఇచ్చే పీఎం స్వనిధి లోను గురించి మెప్మా (పట్టణాల్లో పేదరిక నిర్మూలన చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళని అడగండి.

సరిగ్గా చేస్తున్నామా లేదా ఎలా తెలుస్తుంది?

నీళ్ళకి: హైడ్రోజన్ సల్ఫైడ్ టెస్టు సీసాలు దొరుకుతాయి, గీత దాకా మీ డ్రమ్ము నీళ్ళు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే, నీళ్ళు నల్లబడితే మలం కలిసిందని గట్టి అనుమానం. పల్లెల్లో అయితే పంచాయతీవాళ్ళ దగ్గర టెస్ట్ కిట్లు ఉంటాయి, అడగండి. క్లోరిన్ వేసేవాళ్ళు క్లోరోస్కోప్‌తో (నీళ్ళలో క్లోరిన్ ఎంత ఉందో చూపించే చిన్న కిట్టు) చూసుకోవచ్చు, చుక్క వేస్తే నీళ్ళు పసుపు రంగుకి తిరగాలి, కార్డు మీద 0.2 కంటే తక్కువ చూపిస్తే క్లోరిన్ చాలలేదు. టెస్టుకి నీళ్ళు పట్టేది ట్యాపు నుంచే, డ్రమ్ము మూత తీసి ముంచి కాదు, ఎందుకంటే కస్టమర్ తాగేది ట్యాపు నుంచే.

థర్మామీటరుకి: చితక్కొట్టిన ఐస్ నీళ్ళలో పెడితే సున్నా దగ్గర, మసిలే నీళ్ళలో 100 దగ్గర చూపించాలి. బాగా తేడా ఉంటే మార్చండి.

చేతులకి: రద్దీ టైమ్‌లో మీ ఇంట్లో ఎవరినైనా రోడ్డు అవతల ఓ పావుగంట నిలబెట్టండి. డబ్బులు ముట్టుకున్న చెయ్యి కడక్కుండా తిండి మీదకి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కపెట్టమనండి. వీలైతే ఫోన్లో వీడియో తియ్యమనండి, చెప్తే ఒప్పుకోని అలవాట్లు వీడియోలో కనిపిస్తాయి.

సబ్బుకి: నెలకి ఎన్ని సబ్బులు అయిపోతున్నాయో చూడండి. నెల క్రితం పెట్టిన సబ్బు ఇంకా కొత్తగానే ఉంటే ఎవరూ కడుక్కోవట్లేదు.

శాంపిల్: చట్నీ, సాంబారు, కూర రోజూ ఒక్కో చిన్న శుభ్రమైన డబ్బాలో తీసి తేదీ రాసి రెండు రోజులు ఫ్రిజ్జులో ఉంచండి. ఎవరైనా "మీ బండి మీద తినే ఇలా అయింది" అంటే తేల్చుకోవడానికి అది పనికొస్తుంది, తప్పు మీది కాకపోతే మీకే రక్షణ.

ఎవరైనా ఒంట్లో బాగోలేదని వస్తే

వాదించకండి. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎప్పుడు మొదలైంది, కలిసి తిన్నవాళ్ళలో ఇంకెవరికైనా అయిందా అని అడిగి రాసుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బండి మీదే పెట్టుకోండి, ఇచ్చి ఎలా కలపాలో చెప్పండి, ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళు రాస్తే అన్ని నీళ్ళు, తక్కువ పొయ్యకూడదు. పసిపిల్లలు, గర్భిణీలు, ముసలివాళ్ళు అయితే, లేదా రక్తం పడుతున్నా, మూత్రం రాకపోయినా వెంటనే ఆస్పత్రికి పంపండి.

అదే రోజు రెండోవాళ్ళు కూడా వస్తే ఆ పూట బండి ఆపెయ్యండి, మిగిలినవి అమ్మొద్దు, శాంపిల్ డబ్బాలు మాత్రం పడెయ్యకుండా ఉంచి ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకి మీరే చెప్పండి. మళ్ళీ మొదలుపెట్టేముందు డ్రమ్ములు, మిక్సీ జార్, గిన్నెలు, గుడ్డలు అన్నీ పైన చెప్పినట్టు కడిగి, నీళ్ళ సీసా టెస్టు చేసి, అది నల్లబడలేదని చూసుకున్నాకే పొయ్యి వెలిగించండి.